రాత్రి దారిలో నడిచే హక్కు: వెన్నెలకంటి రాఘవయ్య జీవితం మనకు మిగిల్చిన పని

రెండేళ్ల కిందట ఒక రాత్రి, పరిశోధన పని మీద నెల్లూరు తీరంలో తిరుగుతూ ఒక యానాది పెద్దాయన్ని నా బండి మీద ఎక్కించుకుని వస్తున్నాను. ఆయన రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉంటాడు. ఆ రోజు కాపలా లేదు. చేతిలో ఒక గోనె సంచి, తలకు కట్టుకునే బ్యాటరీ లైటు, ఎండ్రకాయలను బొరియలోంచి లాగే ఇనుప కొక్కెం ఉన్నాయి. దారిలో గస్తీ పోలీసులు ఇద్దరు మమ్మల్ని ఆపారు. నన్ను మీరు అన్నారు. యూనివర్సిటీ కార్డు చూసి వెనక్కి ఇచ్చారు. ఆయన్ని ఏరా అన్నారు, రోడ్డు మీద కూర్చోబెట్టారు, సంచి దులిపించారు. కులం అడిగారు. చెప్పాక, ఆ చుట్టుపక్కల జరిగిన మోటారు దొంగతనాల గురించి అడగడం మొదలుపెట్టారు.

పది నిమిషాల్లో వదిలేశారు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. వార్త అయ్యేంత సంగతి కాదు. కానీ నేనూ దళితవాడ నుంచి వచ్చినవాణ్ణే. నా జేబులో కార్డు లేకపోతే నేనూ ఆయన పక్కనే కూర్చునేవాణ్ణి. మా నాన్న తరంలో అయితే తప్పకుండా కూర్చునేవాళ్లం. మర్నాడు ఆయన దగ్గర ఆ విషయం ఎత్తితే నవ్వేసి, తన తాత కాలంలో అయితే ఊరు దాటడానికే చీటీ కావాల్సి వచ్చేదని చెప్పాడు.

ఆ చీటీ పోవడానికి పనిచేసిన వాళ్లలో ఒకరు ఈ గడ్డ మీదే పుట్టారు. పేరు వెన్నెలకంటి రాఘవయ్య. యానాదుల గురించి చదివే ప్రతివారికీ ఆ పేరు తగులుతుంది. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు కాబట్టి పాఠకుల్లో కొందరికి అలా కూడా తెలిసి ఉంటుంది. పోలీసు ఒక మనిషిని దారిలో ఆపినప్పుడు ఏం చూసి ఆపాలి, ఎంతవరకు ఆపాలి అన్న ప్రశ్నకు ఆయన జీవితం ఒక జవాబు. ఆ కోణంలో ఆయన్ని చదివినవాళ్లు తక్కువ.

సింగపేట నుంచి నెల్లూరు దాకా

రాఘవయ్య 1897 జూన్ 4న అల్లూరు దగ్గరి సింగపేటలో పుట్టారు. తండ్రి పాపయ్య, తల్లి సుబ్బమ్మ. అగ్రవర్ణ కుటుంబం. న్యాయశాస్త్రం చదివి నెల్లూరులో వకీలుగా స్థిరపడే దారిలో ఉండగా జాతీయోద్యమం ఆయన్ని తనలోకి లాక్కుంది. 1921లో గాంధీ వచ్చి పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించిన జిల్లా ఇది. చదువుకున్న కుర్రాళ్లు వృత్తులు వదిలి ఉద్యమంలోకి వెళ్లిన కాలం అది. రాఘవయ్య కూడా జైలుకు వెళ్లారు. అయితే ఆ తరంలో చాలామంది ఖద్దరు దగ్గరా, ఉప్పు దగ్గరా ఆగిపోతే ఆయన యానాది గుడిసెల దాకా నడిచారు.

అల్లూరు చుట్టుపక్కల పుట్టినవాళ్లకు యానాదులు ఎవరో చెప్పక్కర్లేదు. ఊరి చివర, కాలవ గట్టు మీద, చెరువు కట్ట కింద వాళ్ల గుడిసెలు ఉంటాయి. చేపలు, ఎండ్రకాయలు పట్టడం, పొలంలో ఎలుకలు పట్టడం, పాములు పట్టడం, మందు మొక్కలు తెలిసి ఉండటం వాళ్ల విద్య. రైతులు వాళ్లనే పంటకు, ఇంటికి రాత్రి కాపలా పెట్టుకునేవాళ్లు. అప్పు కింద తరాల తరబడి ఒకే ఇంటి చాకిరీలో ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. ఏదైనా పోతే మొదట అడిగేది కూడా వాళ్లనే. ఊరి సొత్తును కాపలా కాసే మనిషే ఊరి మొదటి అనుమానితుడు. రాఘవయ్య చిన్నప్పటి నుంచి చూసిన ఊరు ఇదే.

పుట్టుకతోనే అనుమానితులు

ఈ అనుమానానికి చట్టం బలం ఎలా వచ్చిందో కొంచెం వివరంగా చెప్పాలి. నేరస్థ తెగల చట్టాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1871లో ఉత్తర భారతంలో మొదలుపెట్టింది. 1911లో దాన్ని దేశమంతటికీ చాచింది. మద్రాసు ప్రెసిడెన్సీలోకి, అంటే మన నెల్లూరులోకి అది అప్పుడే వచ్చింది. 1924లో చట్టాన్ని మళ్లీ కూర్చి రాశారు.

ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటించడానికి ప్రభుత్వ నోటిఫికేషన్ ఒక్కటి చాలు. అది తప్పని కోర్టుకు వెళ్లే వీలు లేదు. ప్రకటన వచ్చాక ఆ తెగ మనుషుల పేర్లు రిజిస్టరులో ఎక్కిస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. వాళ్లు చెప్పిన వేళకు హాజరు పలకాలి. ఊరు మారితే చెప్పాలి. హద్దు దాటాలంటే చీటీ ఉండాలి. చీటీ లేకుండా హద్దు బయట కనిపిస్తే పోలీసే కాదు, గ్రామ కావలివాడు కూడా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. దొంగతనానికి సిద్ధమవుతున్నట్టు కోర్టుకు అనిపించే పరిస్థితిలో దొరికితే, ఏమీ దొంగిలించకపోయినా మూడేళ్ల దాకా జైలు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

మన ప్రాంతంలో దీని దెబ్బ ఎక్కువగా ఎరుకల వాళ్ల మీద పడింది. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి తీరానికీ మెట్టకూ మధ్య వర్తకం చేసిన జనం వాళ్లు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, వాళ్ల వర్తకం పోయింది. తిరగడం వాళ్ల బతుకుతెరువు. చట్టం ఆ తిరగడాన్నే నేర లక్షణంగా రాసుకుంది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన ఎరుకల సెటిల్మెంటు, బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్ప, బాపట్ల వైపు 1913లో సాల్వేషన్ ఆర్మీ మొదలుపెట్టిన స్టువర్టుపురం, ఇవన్నీ ఆ చట్టం కట్టిన ఊళ్లే. నెల్లూరు జిల్లాలో యానాదులు కూడా ఈ చట్టం నీడలోకి వచ్చారు.

దీని వెనక ప్రభుత్వం చెప్పుకున్న కారణం భద్రత. పోలీసుల సంఖ్య తక్కువ, ఊళ్లు ఎక్కువ, రాత్రి చీకటి. ఎదురుపడినవాడు ప్రమాదకరమైనవాడో కాదో కనిస్టేబులుకు ముందే తెలిస్తే మంచిదన్నది వాదం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ముందే తెలియడం కోసం వాళ్లు ఎంచుకున్న గుర్తు మనిషి చేసిన పని మీద ఆధారపడలేదు. అతను ఏ గుడిసెలో పుట్టాడన్నదే గుర్తయింది. ఆ గుర్తు ఒకసారి చట్టంలోకి ఎక్కాక ఎదుటి మనిషి చేతులు ఖాళీగా ఉన్నా పోలీసుకు భయం తగ్గదు, ఆ మనిషికి పరువు మిగలదు. మదురై జిల్లా పెరుంగామనల్లూరులో 1920 ఏప్రిల్ 3న ఈ చట్టం కింద వేలిముద్రలు ఇవ్వబోమన్న కళ్లర్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా చనిపోయారు. భద్రత పేరుతో వచ్చిన చట్టం ఎవరికి భద్రత ఇచ్చిందో ఆ రోజు తేలిపోయింది.

వకీలు చూపు, గుడిసె చూపు

రాఘవయ్య యానాదులను సంఘంగా కూడగట్టారు. యానాదుల సమస్యలను దయ చూపాల్సిన విషయంగా వదిలేయకుండా, చట్టం మార్చాల్సిన విషయంగా ప్రభుత్వం ముందు పెట్టారు. ఆయనకు వకీలు చదువు పనికొచ్చింది ఇక్కడే. దొంగతనం చేసినవాణ్ణి శిక్షించడానికి శిక్షాస్మృతి ఉంది, పట్టుకోవడానికి మామూలు చట్టం ఉంది. అవి అందరికీ వర్తిస్తాయి. మరి ఒక తెగకు మాత్రం వేరే చట్టం ఎందుకు అన్న ప్రశ్నకు నేరం గురించి ఎంత మాట్లాడినా జవాబు రాదు.

రెండో సంగతి ఆయన తిరుగుడు. గుడిసెల్లో కూర్చుని, వాళ్ల అప్పులు, వాళ్ల వేట, వాళ్ల పెళ్లిళ్లు, వాళ్ల మందులు తెలుసుకున్నారు. ఆ పరిచయం నుంచే 1962లో యానాదుల మీద, 1968లో సంచార జాతుల మీద, 1971లో గిరిజన తిరుగుబాట్ల మీద ఇంగ్లీషు పుస్తకాలు వచ్చాయి. అంతకుముందు మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ ఈ జనాల తలలు, ముక్కులు కొలిచి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. పోలీసు అధికారులు కూడా కులాల వారీగా నేర లక్షణాల పుస్తకాలు రాసుకున్నారు. అలాంటి అచ్చు చదివిన కనిస్టేబులుకు ఎదుటివాడు మనిషిగా కనపడే అవకాశం తక్కువ. రాఘవయ్య పుస్తకాలు ఆ అచ్చుకు ఎదురు నిలిచిన అచ్చు. తిరుగుబాట్ల మీద పుస్తకం రాయడం ఇంకా పెద్ద మాట. నేరస్థులని రాసిపెట్టిన జనానికి పోరాట చరిత్ర ఉందని అది చెప్పింది.

1946లో టంగుటూరి ప్రకాశం మద్రాసు ముఖ్యమంత్రి అయినప్పుడు రాఘవయ్య పార్లమెంటరీ కార్యదర్శిగా ఉన్నారు. ఆ మరుసటి ఏడాది, 1947లో, మద్రాసు ప్రెసిడెన్సీ నేరస్థ తెగల చట్టాన్ని రద్దు చేసింది. ఈ రద్దు ఒక్క మనిషి సాధించింది కాదు. తమిళ జిల్లాల్లో కళ్లర్లు, మరవర్లు దశాబ్దాల పాటు చేసిన పోరాటం ఉంది, కమ్యూనిస్టుల పని ఉంది. తెలుగు జిల్లాల వైపు నుంచి ఆ గొంతును గట్టిగా వినిపించినవారిలో రాఘవయ్య ముందుంటారు. తర్వాత తిరుపతి ప్రాంతానికే చెందిన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ దేశమంతటా ఆ చట్టాన్ని తీసేయాలని చెప్పింది. 1952 ఆగస్టు 31న అది దేశమంతటా పోయింది. విముక్త జాతులు ఆ రోజును ఇవాళ్టికీ తమ స్వాతంత్ర్య దినంగా జరుపుకుంటాయి. మిగతా దేశం కంటే ఐదేళ్లు ఆలస్యంగా వచ్చిన స్వాతంత్ర్యం అది.

ముందు తలుపు మూసి, వెనక తలుపు తెరిచి

రద్దుతో కథ అయిపోతే ఆ రాత్రి మా బండి మీది పెద్దాయన్ని కులం అడిగేవాళ్లు కాదు. చట్టం పోయిన మరుసటి ఏడాదే, 1948లో, మద్రాసులో అలవాటుపడ్డ నేరస్థుల మీద ఆంక్షల చట్టం వచ్చింది. 1962లో ఆంధ్రప్రదేశ్ తన సొంత చట్టం చేసుకుంది. కాగితం మీద తేడా పెద్దదే. ఇప్పుడు తెగ పేరు ఉండదు, ఒక్కో మనిషికి పడ్డ శిక్షలను బట్టి నమోదు. కానీ పాత రిజిస్టరులో ఉన్నవాడి మీదే పాత కేసులు ఉన్నాయి. కొత్త రిజిస్టరులోకి ముందుగా వెళ్లేదీ వాళ్లే. దీనికి తోడు స్టేషన్లలో హిస్టరీ షీట్లు, సస్పెక్ట్ షీట్లు ఉన్నాయి. తన ఉనికి దాచుకుంటూ తిరుగుతున్నాడన్న అనుమానం మీద మంచి నడవడికి పూచీకత్తు అడిగే పాత సెక్షను ఉంది. అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 109గా ఉండేది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 128గా కొనసాగుతోంది. రాత్రి ఎండ్రకాయలకు పోయేవాడు చీకట్లోనే నడుస్తాడు. ఆ సంగతి తెలియనివాడికి అతను దాక్కుంటున్నట్టే కనిపిస్తాడు.

ఇక్కడ రాఘవయ్య పని పరిమితిని కూడా చెప్పుకోవాలి. ఆయన, ఠక్కర్ బాపా లాంటి గాంధేయవాదులు నడిపిన ఆదిమజాతి సేవక్ సంఘ్ బాటలో హాస్టళ్లు, చదువు, సంస్కరణ ప్రధానం. బయటివాడు వచ్చి బాగుచేయడం అన్న ధోరణి అందులో ఉంది. అంబేడ్కర్ 1948లో అస్పృశ్యుల మీద వెలువరించిన పుస్తకం ముందుమాటలో నేరస్థ తెగలనూ, ఆదివాసులనూ, అస్పృశ్యులనూ పక్కపక్కన పెట్టి, ఇంతమందిని ఇలా ఉంచిన నాగరికతనే నిలదీశారు. సమస్య యానాదిలో ఉందా, యానాదిని చూసే కంటిలో ఉందా అన్న తేడా అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. రాఘవయ్య చట్టాన్ని మార్చడానికి పనిచేశారు. చూసే కన్నును మార్చే పని, స్టేషనులో ఉన్న కులాన్ని ప్రశ్నించే పని, బాధితుల చేతికే నాయకత్వం రావాల్సిన పని మిగిలిపోయాయి. ఇది చెప్పుకోవడం ఆయన్ని తగ్గించడం కాదు. ఆయన వదిలిన చోటు నుంచి మొదలుపెట్టాలంటే ఆ చోటు ఎక్కడో తెలియాలి.

ఆయన 1981 నవంబర్ 24న కన్నుమూశారు.

కనిస్టేబులు భయం, మనిషి పరువు

ఆ రాత్రి మమ్మల్ని ఆపిన ఇద్దరి వైపు నుంచి కూడా ఆలోచించాను. చీకటి దారి, చేతిలో లాఠీ తప్ప ఏమీ లేదు, ఎదురుగా ఇద్దరు మగవాళ్లు, అందులో ఒకరి చేతిలో ఇనుప కొక్కెం. వాళ్లకు భయం వేసి ఉండొచ్చు. ఆ భయం నిజమే. కనిస్టేబుళ్లలో మన వాడల పిల్లలూ ఉన్నారు, రాత్రి డ్యూటీలు ఎక్కువగా పడేది కూడా కింది ర్యాంకుల వాళ్లకే. వాళ్లు క్షేమంగా ఇంటికి వెళ్లాలని కోరుకోని రాత మన రాత కాదు.

కానీ ఆ భయానికి కావాల్సింది ఎంత? కొక్కెం పక్కన పెట్టమని చెప్పడం, చేతులు కనిపించేలా నిలబడమనడం, ఎందుకు ఆపారో ఒక్క మాట చెప్పడం. ఇవి పోలీసును కాపాడతాయి. ఏరా అనడం, నేల మీద కూర్చోబెట్టడం, సంచి రోడ్డు మీద గుమ్మరించడం, కులం అడగడం, వీటిలో ఏ ఒక్కటీ పోలీసు ప్రాణానికి అదనపు రక్షణ ఇవ్వదు. కొక్కెం నిజంగా ప్రమాదమే అయితే నా కులం ఏదైనా నా చేతిలోనూ అది ప్రమాదమే కదా. నన్ను ఎవరూ తడమలేదు. మా ఇద్దరి మధ్య తేడా చూపించింది భయం కాదని అక్కడే తెలిసిపోతుంది.

చట్టం కూడా ఇప్పుడు ఈ వైపే ఉంది. పారిపోకుండా ఆపడానికి అవసరమైనంతకు మించి కట్టడి చేయకూడదని మన ప్రొసీజర్ కోడ్ ఎప్పటి నుంచో చెబుతోంది. ఆడవాళ్లను తనిఖీ చేయాలంటే ఆడ పోలీసే, అదీ మర్యాదగా చేయాలి. ఖైదీకి సంకెళ్లు వేయడం మామూలు అలవాటు కారాదని 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో, అరెస్టు చేసే పోలీసు తన పేరు కనిపించేలా పెట్టుకోవాలని డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో 1968 నాటి టెర్రీ కేసు కూడా, అరెస్టుకు ముందు దారిలో మనిషిని పైపైన తడమాలంటే అతని దగ్గర ఆయుధం ఉందనడానికి సబబైన కారణం ఉండాలంది. ఆ దేశంలో ఆ నియమం నల్లజాతి యువకుల మీద ఎలా వాడబడిందో మనకు తెలుసు. నియమం ఒక్కటే చాలదు అనడానికి అదే రుజువు.

2024లో రెండు తీర్పులు రాఘవయ్య మొదలుపెట్టిన పనిని ముందుకు జరిపాయి. అమానతుల్లా ఖాన్ కేసులో, వెనుకబడిన, అణగారిన వర్గాల వాళ్ల మీద హిస్టరీ షీట్లు యాంత్రికంగా తెరవడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. అక్టోబర్ 3న సుకన్యా శాంతా కేసులో జైలు మాన్యువళ్లలోని కుల వివక్షను కొట్టేస్తూ, విముక్త జాతుల వాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదని పోలీసులకు గుర్తుచేసింది. 1871లో అచ్చయిన అనుమానం మీద 2024లో కూడా కోర్టు మాట్లాడాల్సి వచ్చింది.

2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు ఐదు లక్షలకు పైనే. వాళ్లలో చాలామందికి రాత్రే పని వేళ. వాళ్లు చీకట్లో నడవకపోతే ఈ తీరంలో చాలా గుంటలకు కాపలా ఉండదు, చాలా ఇళ్లలో కూర ఉండదు. అందుకే దారిలో ఆపడం అనే చిన్న విషయం వాళ్లకు రోజువారీ బతుకు విషయం.

అల్లూరు వైపు వెళ్లే పాఠకులు ఎవరైనా ఉంటే సింగపేటలో ఒకసారి ఆగండి. ఆ ఊళ్లో పుట్టిన మనిషి తన చదువును పక్క గుడిసెల కోసం వాడారు, చీటీ లేకుండా ఊరు దాటే హక్కు తేవడానికి జీవితంలో ఎక్కువ భాగం పెట్టారు. మన తరం అడగాల్సింది దాని తర్వాతి మెట్టు. మమ్మల్ని ఆపిన పోలీసు దగ్గర ఆపడానికి ఒక కారణం ఉండాలి, ఆ కారణం మాకు చెప్పాలి, అందులో మా కులం ఉండకూడదు. స్టేషన్లలో ఉన్న షీట్లలో ఎన్ని యానాదులవి, ఎన్ని ఎరుకలవి, ఎన్ని మాల మాదిగలవి అన్నది బయట పెట్టమని సమాచార హక్కు కింద అడగడంతో ఈ పని మొదలుపెట్టొచ్చు. ఆ పెద్దాయన మళ్లీ ఎండ్రకాయలకు పోతున్నాడు. కొక్కెం పట్టుకునే పోతున్నాడు.